గొబ్లిన్ కాలర్ పట్టుకుంటే ఏ పేజీ చూడాలి?

ఆదివారం మధ్యాహ్నం, మియాపూర్‌లో మా డీఎం, అంటే ఆట నడిపే సూత్రధారి, వాళ్ల ఫ్లాట్. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. డైనింగ్ టేబుల్ మీద గళ్ల మ్యాపు, ఒక గిన్నెలో వేయించిన పల్లీలు, ఇంకో గిన్నెలో పాచికలు. కథలోని గుహలోంచి గొబ్లిన్ అనే పొట్టి రాక్షసుడు ఒకడు పారిపోతున్నాడు. ఫైటర్ అనే యోధుడి పాత్ర ఆడుతున్న కుర్రాడు "నేను కత్తి దూయను, వాడి కాలర్ పట్టుకుంటా. బతికుంటేనే కదా దారి చెప్పేది" అన్నాడు. మంచి ఆలోచనే. అందరం డీఎం వైపు చూశాం. ఆయన నోరు తెరిచేలోపే ముగ్గురు ఫోన్లు తీశారు.

"ముందు గొబ్లిన్‌కి నీమీద ఒక దెబ్బ ఫ్రీ. అది తప్పించుకుంటే వాడిని తాకగలిగావా లేదా అని ఒక పాచిక. తాకితే అప్పుడు ఇద్దరూ బలాబలాలు తేల్చుకోవాలి" అని ఒకరు చదివారు.

"కాదన్నా, అంత లేదు. నువ్వు అథ్లెటిక్స్ వెయ్యి, వాడు అథ్లెటిక్స్ గానీ అక్రోబాటిక్స్ గానీ వేస్తాడు. ఎవరికి ఎక్కువొస్తే వాళ్లది" అని రెండో ఆయన.

"అసలు నువ్వు పాచికే వెయ్యక్కర్లేదు, వాడు సేవింగ్ త్రో, అదే తప్పించుకునే పాచిక, వెయ్యాలి" అని మూడో ఆవిడ.

ముగ్గురూ ఉన్నదే చదివారు, ఎవరూ తప్పు కాదు. మొదటిది 2003 నాటి 3.5 ఎడిషన్ రూలు, రెండోది 2014ది, మూడోది 2024ది. ఫోన్లో వెతికితే మూడూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఏది ఏ ఏడాదిదో నుదుటి మీద రాసి ఉండదు. ఆటలో ఒక రౌండ్ అంటే 6 సెకన్లు. ఆ 6 సెకన్ల పని తేలడానికి మాకు పావుగంట పట్టింది. పల్లీలు అయిపోయాయి.

"అందుకే పుస్తకం పెట్టుకోవాలి" అని ఒకరు, "సరైన యాప్ పెట్టుకుంటే ఈ గొడవే లేదు" అని ఇంకొకరు. ఈ ఆట ఆడే ప్రతి గుంపులో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే వాదనే ఇది. మామూలుగా ఇది ఏది త్వరగా దొరుకుతుంది, ఏది చవక, ఏది కళ్లకు హాయి అన్న దగ్గరే తిరుగుతుంది. నాకు మాత్రం అసలు పేచీ వేరే చోట ఉందనిపిస్తుంది. రూలు ఎవరి చేతిలో ఉంటే ఆట పగ్గాలు వాళ్ల చేతిలో ఉంటాయి. గత యాభై ఏళ్లలో రూలు మూడు చేతులు మారింది.

ఆట తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే నలుగురైదుగురు కూర్చుని నోటితో ఆడే ఆట. ఒకరు సూత్రధారి. ఆయన్నే డంజన్ మాస్టర్ అంటారు, పొట్టిగా డీఎం. ఊరు, అడవి, రాక్షసులు, సత్రం యజమాని అన్నీ ఆయనే. మిగతా వాళ్లకి తలా ఒక పాత్ర. ఏం చేస్తామో నోటితో చెప్పాలి. అవుతుందో కాదో తేలని చోట పాచిక వేయాలి. తోలుబొమ్మలాటలో బొమ్మలు ఎదురు మాట్లాడడం మొదలుపెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఏ పనికి ఏ పాచిక, ఎంత పడితే గెలుపు అనేవి రూల్ బుక్కులో ఉంటాయి. అవేమీ చిన్న పుస్తకాలు కావు. అందరికంటే పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒక్క ప్లేయర్స్ హ్యాండ్‌బుక్కే 2014లో 320 పేజీలు, 2024లో 384 పేజీలు. దాని పోటీదారు పాత్‌ఫైండర్ 2019లో తెచ్చిన కోర్ రూల్‌బుక్ 640 పేజీలు. దాన్ని బ్యాగులో వేసుకుని మెట్రో ఎక్కితే భుజం చెబుతుంది దాని సంగతి.

తెర వెనక నుంచి టేబుల్ మీదికి

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి బయటికొచ్చింది. ఒక పెట్టె, లోపల మూడు సన్నటి పుస్తకాలు, మొదటి విడత 1000 కాపీలు. రూల్స్ నిండా ఖాళీలే. పోట్లాటల సంగతి కావాలంటే చెయిన్‌మెయిల్ అనే వేరే ఆట పుస్తకం చూసుకోమన్నారు. అది బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆట. మిగిలిన ఖాళీలను ఎవరి గుంపు వాళ్లు తమకు తోచినట్టు పూడ్చుకున్నారు. ఒక ఊళ్లో ఆడే ఆటకీ పక్క ఊళ్లో ఆడే ఆటకీ పోలిక తక్కువ. మన అష్టాచెమ్మాకి ఇంటికో రూలు ఉన్నట్టే.

ఆ గందరగోళాన్ని సర్దడానికే అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది. ఆటగాళ్ల పుస్తకం 1978లో, డీఎం పుస్తకం 1979లో. ఇక్కడొక తమాషా ఉంది. కత్తి వేస్తే తగలడానికి పాచిక మీద ఎంత పడాలో చెప్పే పట్టికలు ఆటగాళ్ల పుస్తకంలో లేవు, డీఎం పుస్తకంలో ఉన్నాయి. ఆటగాడు పాచిక వేసి "పద్నాలుగు" అంటాడు. డీఎం అడ్డంగా పెట్టుకున్న అట్ట తెర వెనక పట్టిక చూసి "తగిలింది" అంటాడు. ఎందుకు తగిలిందో ఆటగాడికి తెలియదు, తెలియనక్కర్లేదు. ఆటగాళ్లు ఈ పుస్తకం చదవకూడదని గైగాక్స్ ముందుమాటలోనే సగం సరదాగా, సగం సీరియస్‌గా హెచ్చరించాడు. కలబడి పట్టుకోవడానికి అందులో శాతాల లెక్కలతో ఒక పద్ధతి ఉంది. అది ఎంత చిక్కుముడో ఆ కాలం ఆటగాళ్లు ఇప్పటికీ జోకులేస్తుంటారు. కానీ చిక్కుముడి అయినా విప్పాల్సింది డీఎం ఒక్కడే కాబట్టి టేబుల్ దగ్గర గొడవ లేదు.

2000లో మూడో ఎడిషన్ వచ్చింది. అప్పటికి ఆటను మొదట వేసిన టీఎస్‌ఆర్ కంపెనీని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ (1997), దాన్ని హాస్బ్రో (1999) కొనేశాయి. ఈ ఎడిషన్ లెక్కను తేలిక చేసింది. ఇరవై ముఖాల పాచిక వెయ్యి, నీ బోనస్ కలుపు, ఎదుటివాడి ఆర్మర్ క్లాస్‌కి, అంటే వాడి రక్షణ అంకెకి, సమానమైనా మించినా తగిలినట్టే. ఈ లెక్క మొత్తం ఆటగాళ్ల పుస్తకంలోనే ఉంది. తెర వెనక రహస్యం లేదు. దాంతో టేబుల్ దగ్గర కొత్త రకం మనిషి పుట్టాడు. పుస్తకం డీఎం కన్నా బాగా చదివి, "అలా కుదరదు, ఫలానా పేజీలో ఇలా ఉంది" అనే మనిషి. ఇంగ్లీషులో రూల్స్ లాయర్ అంటారు. అంతకుముందు లేడని కాదు, కానీ ఈసారి అతని చేతిలో ఆధారం ఉంది.

అదే ఏడాది ఇంకో పని జరిగింది. కంపెనీ ఆట రూల్స్‌లో చాలా భాగాన్ని ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద ఎవరైనా వాడుకోవచ్చని వదిలింది. అభిమానులు వాటిని వెబ్ పేజీలుగా మార్చి, పదం నొక్కితే పదం తెరుచుకునేలా పెట్టారు. ఈ రోజు ఫోన్లో వెతికితే 2003 నాటి రూలు మన మొహాన వచ్చి పడడానికి మూలం అక్కడే. పుస్తకం అటక ఎక్కినా ఆ పేజీలు ఇంకా సజీవంగా ఉన్నాయి.

లెక్క మరచిపోయిన టేబుల్

కంప్యూటర్ ఈ ఆటలోకి కొత్తగా రాలేదు. 1996లోనే టీఎస్‌ఆర్ తన రూల్ బుక్కులను సీడీ చేసి అమ్మింది. మూడో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ మొదటి ముద్రణల్లో పాత్ర తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ నమూనా సీడీ అట్టకి అంటించి ఇచ్చారు. అసలు మలుపు మాత్రం 2008లో నాలుగో ఎడిషన్‌తో వచ్చింది. ఒక్కో పాత్రకి వందల కొద్దీ పవర్స్, నెలనెలా వచ్చే కొత్త సరుకు, వాటికి సవరణలు. చేత్తో పాత్ర తయారుచేయడం తలనొప్పి అయిపోయి, నెలచందా కట్టి కంపెనీ ఇచ్చిన క్యారెక్టర్ బిల్డర్ వాడడం మామూలైపోయింది. సవరణలు సాఫ్ట్‌వేర్‌లోకి చేరిపోయేవి, అచ్చు పుస్తకంలోకి చేరే దారి లేదు. టేబుల్ దగ్గర పుస్తకంలో ఒక మాట, ప్రింటవుట్‌లో ఇంకో మాట. ఏది సరైనదంటే ప్రింటవుటే. అంటే డబ్బులు పెట్టి కొన్న గట్టి అట్ట పుస్తకం పాత పంచాంగంలా అయిపోయింది.

ఇక్కడ రూలు మూడో చేతిలోకి వెళ్లింది. డీఎం దగ్గరా లేదు, ఆటగాళ్ల దగ్గరా లేదు, సాఫ్ట్‌వేర్ లోపల ఉంది. 1979లో డీఎం తెర వెనక ఏం జరిగిందో ఆటగాడికి తెలియనట్టే, ఇప్పుడు స్క్రీన్ వెనక ఏం జరుగుతోందో తెలియదు. తేడా ఏమిటంటే, డీఎంను "ఎందుకండీ?" అని అడగొచ్చు.

ఇదంతా గాలి కబురు అనుకోకుండా మా టేబుల్ దగ్గర జరిగినదొకటి చెబుతాను. అదే ఫైటర్ కుర్రాడు తన పాత్రను యాప్‌లోనే చేసుకున్నాడు. ఆర్మర్ క్లాస్ ఎంతంటే "19" అని ఠక్కున చెబుతాడు. ఒకరోజు పోట్లాట మధ్యలో, చచ్చిపోయిన ఓర్క్ పక్కన పడున్న పెద్ద కత్తి తీసుకున్నాడు. రెండు చేతులతో పట్టుకోవాల్సిన కత్తి అది. "మరి డాలు?" అన్నాడు డీఎం. "డాలు ఉందా నాకు?" అన్నాడు మావాడు. ఉంది. చెయిన్ మెయిల్ కవచానికి 16, డాలుకి 2, డిఫెన్స్ అనే పోరాట శైలికి 1. కలిపితే 19. యాప్ కూడిక చేసి జవాబు మాత్రం పెద్ద అక్షరాల్లో చూపిస్తోంది. మూడు నెలలుగా మోస్తున్న డాలు సంగతి మోసేవాడికే తెలియదు. అదే కాగితం మీద 16+2+1 అని తన చేత్తో రాసుకుని ఉంటే, కత్తి తీసుకునేముందే డాలు గుర్తొచ్చేది. బహుశా కత్తి వదిలేసేవాడేమో, లేదా డాలును ఎవడి మొహాన్నో విసిరేవాడేమో. రెండూ ఆటే.

యాప్ లెక్క తప్పు చెప్పలేదు. దానికి అప్పగించిన పనిని అది చక్కగా చేసింది. ఆ పని మనిషి నేర్చుకోకుండా పోయాడు, అంతే.

ఆన్‌లైన్ టేబుళ్ల దగ్గర ఇది ఇంకో మెట్టు పైకెళ్తుంది. ఫాంటసీ గ్రౌండ్స్ 2004 నుంచీ ఉంది, రోల్20 2012లో వచ్చింది, ఫౌండ్రీ 2020లో. వీటిలో మ్యాపు, బొమ్మలు, పాచికలు అన్నీ తెర మీదే. ఫౌండ్రీ లాంటి వాటిలో అన్నీ అమర్చుకుంటే కత్తి బొమ్మ నొక్కగానే పాచిక తిరగడం, బోనస్ కలవడం, తగిలిందో లేదో తేలడం, గొబ్లిన్ ప్రాణం తగ్గడం క్షణంలో అయిపోతాయి. భలే ఉంటుంది. అయితే ఎవరైనా "నేను గుప్పెడు ఇసుక తీసి వాడి కళ్లలో కొడతా, తర్వాత నరుకుతా" అంటే? ముఖాముఖి టేబుల్ దగ్గర డీఎం ఒక్క క్షణం ఆలోచించి "సరే, రెండు పాచికలు వేసి పెద్దది తీసుకో" అంటాడు. ఆన్‌లైన్‌లో కూడా అనొచ్చు, ఏ సాఫ్ట్‌వేరూ డీఎం నోరు కట్టేయదు. కానీ ఇసుకకు బటన్ లేదు. బటన్ ఉన్న పనులు పది కళ్ల ముందు మెరుస్తుంటే, లేని పని అడగాలన్న ఊహ నెమ్మదిగా తగ్గిపోతుంది. నేనే గమనించుకున్నాను. ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు నా విజార్డ్, అంటే మంత్రగాడి పాత్ర, తనకున్న స్పెల్స్ (మంత్రాలు) తప్ప ఇంకేం చేయడు. టేబుల్ దగ్గర అదే విజార్డ్ దీపం నూనె మెట్ల మీద పోశాడు.

త్వరగా దొరకడం గురించి కొంచెం

ఇక అందరూ మాట్లాడే వేగం సంగతి. పుస్తకం నెమ్మది, ఫోన్ వేగం అనేది సగమే నిజం. స్పెల్స్ అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి పుస్తకానికి అలవాటు పడిన చెయ్యి ఫైర్‌బాల్ అనే మంత్రం దగ్గర దాదాపు సరిగ్గా తెరుస్తుంది. ఆ పేజీ అంచు చాయ్ మరకతో ఉంటుంది కూడా. పేరు తెలిసిన దాన్ని వెతకడానికి పుస్తకం బాగానే ఉంటుంది. పేరు తెలియనప్పుడే తంటా. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ చివరి సూచిక చూస్తే జాలేస్తుంది. చీమల బారులాంటి అక్షరాలు, ఒక మాట వెతికితే "ఫలానా మాట చూడండి" అంటుంది, అక్కడికెళ్తే పేజీ నంబరు. మున్సిపల్ ఆఫీసులో ఈ కౌంటర్ నుంచి ఆ కౌంటర్‌కి పంపినట్టు.

పుస్తకం అలాగే ఉండాలని రాసిపెట్టి లేదు. 2019లో వచ్చిన ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ అనే పుస్తకం పాత 1981 నాటి రూల్స్‌నే తీసుకుని, ఒక విషయం ఎదురెదురు రెండు పేజీల్లో ముగిసేలా పేర్చింది. తెరిచి టేబుల్ మీద పెడితే చాలు, పేజీ తిప్పే పని లేదు. కంప్యూటర్లు ఇరవై ఏళ్లకు పైగా పోటీ ఇచ్చాక పుస్తకం వేసేవాళ్లకు పుస్తకం ఎలా వేయాలో తెలిసింది అనుకోవచ్చు.

పీడీఎఫ్ సంగతి మరీ విచిత్రం. పెద్ద పేజీ, రెండు కాలమ్‌లు, వెనకాల పాత కాగితం రంగు. లాప్‌టాప్‌లో ఫర్వాలేదు. ఫోన్లో మాత్రం వేళ్లతో పెద్దది చేసి, ఎడమ కాలమ్ కిందిదాకా దిగి, మళ్లీ పైకి పాకి, కుడి కాలమ్ మొదలెట్టేసరికి ఏం వెతుకుతున్నామో మరచిపోతాం. నక్కి నడవడం గురించి "స్టెల్త్" అని కొడితే ఆ మాట వచ్చిన ప్రతి చోటూ వరసగా చూపిస్తుంది, రూలు వివరించిన చోటు వాటి మధ్య ఎక్కడో ఉంటుంది.

వెతకడానికే తయారుచేసిన చోట్లు వేరు. పాత్‌ఫైండర్ రూల్స్ మొత్తం ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైటులో ఉచితంగా, ఆ ఆటను వేసే పైజో కంపెనీ అనుమతితోనే ఉన్నాయి. 640 పేజీల పుస్తకానికి నిజమైన సూచిక అదే. ఫలానా స్థాయి రాక్షసులు, నీళ్లలో ఉండేవి, విషం ఉన్నవి అని వడపోసుకోవచ్చు. శనివారం రాత్రి పదకొండింటికి రేపటి ఆటకు రాక్షసుణ్ని వెతుక్కునే డీఎంను అడగండి, దాని విలువ చెబుతాడు.

ఫోన్ చేతికిస్తే వాట్సాప్ చూస్తారని అందరూ మొత్తుకుంటారు. చూస్తారు. పుస్తకం చేతికిస్తే రాక్షసుల బొమ్మలు చూస్తూ కూర్చునేవాళ్లనూ చూశాను. వాళ్ల వంతు వచ్చేసరికి ఇద్దరికీ ఏం జరుగుతోందో తెలియదు. ఇది కథ నడిపేవాడి సమస్య, కాగితానిదీ గాజుదీ కాదు.

కంప్యూటర్ లేకపోతే అసలు ఆటే ఉండనివాళ్లు కూడా ఉన్నారు. మా గుంపులో ఒకాయనకి చూపు తక్కువ. అచ్చు పుస్తకం ఆయనకు బరువైన అట్టముక్క. ఫోన్ చదివి వినిపిస్తుంది, ఆయన చెవిలో పెట్టుకుని వింటాడు, మా అందరికన్నా ముందు జవాబు చెబుతాడు. ఇంకో ఆయన పెళ్లయ్యాక డల్లాస్ వెళ్లిపోయాడు. ఎండాకాలం గడియారం ప్రకారం మాకు ఆదివారం పొద్దున 7:30 అంటే ఆయనకి శనివారం రాత్రి 9. నెలకోసారి ఆ టైముకి అందరం తెర ముందు కూర్చుంటాం, మేం ఇడ్లీతో, ఆయన నిద్రమత్తుతో. ఇసుకకు బటన్ లేదని ఇందాక సణిగాను గానీ, ఆ తెర లేకపోతే ఆయన ఆడే క్లెరిక్ (పూజారి పాత్ర) ఎప్పుడో చచ్చిపోయేవాడు.

లెక్కల పనికి కూడా యంత్రం మంచిదే, చాలావరకు. పదకొండు గొబ్లిన్ల ప్రాణాలు, ఎవరి వంతు ఎప్పుడు, ఎవరికి విషం ఎక్కి ఎన్ని రౌండ్లయింది, ఇవన్నీ డీఎం లాప్‌టాప్ చూసుకోవాలి. ఒక్క ఫైర్‌బాల్ పాచికలు మాత్రం యాప్‌తో వేయొద్దు. ఎనిమిది పాచికలు రెండు చేతుల నిండా పట్టుకుని టేబుల్ మీద కుమ్మరించి, ఒక్కొక్కటీ కూడుతుంటే అందరూ మెడలు చాచి చూడడం ఉంది చూశారా, దానికోసమే సగం మంది విజార్డ్ ఆడతారు. సగటున 28 వస్తుందని నాకూ తెలుసు.

కొన్నది ఎవరిది?

నాలుగో ఎడిషన్ సాఫ్ట్‌వేర్ ఏమైందో చెప్పలేదు కదూ. మొదట్లో అది కంప్యూటర్‌లోకి దించుకునే ప్రోగ్రాం. 2010 నవంబరులో దాన్ని ఇంటర్నెట్‌లోనే నడిచేలా మార్చారు, మైక్రోసాఫ్ట్ వాళ్ల సిల్వర్‌లైట్ మీద. తర్వాత సిల్వర్‌లైట్ కాలం చెల్లింది. 2020 మొదలయ్యేసరికి ఆ టూల్స్ మూసేశారు. 2008లో అచ్చయిన నాలుగో ఎడిషన్ పుస్తకం మాత్రం ఇవాళ తెరిచినా తెరుచుకుంటుంది. సవరణలు లేని పుస్తకమే, కానీ ఉంది.

పీడీఎఫ్‌లకూ ఇలాంటి కథే. 2009 ఏప్రిల్‌లో దొంగ కాపీలు ఎక్కువయ్యాయని విజార్డ్స్ తన పీడీఎఫ్‌ల అమ్మకం ఉన్నపళంగా ఆపేసింది. మళ్లీ అమ్మడం మొదలెట్టింది 2013లో. ఆ నాలుగేళ్లూ పాత పుస్తకాలను న్యాయంగా కొనుక్కుందామన్నా కంప్యూటర్‌లో దొరకలేదు. దొంగ కాపీలు దొరకడం ఆగిందా అంటే, మీకే తెలుసు.

ఇప్పుడు అందరూ వాడేది డీఅండ్‌డీ బియాండ్ అనే సైటు. ఈ ఆట పుస్తకాలు, పాత్రల షీట్లు అందులోనే. 2017లో కర్స్ అనే సంస్థ మొదలుపెట్టింది, తర్వాత ఫాండమ్ చేతికి వెళ్లింది, 2022లో హాస్బ్రో 14.63 కోట్ల డాలర్లు పెట్టి కొంది. అందులో డబ్బులు కట్టి కొన్న పుస్తకం నిజానికి ఆ సైటులో చదువుకునే హక్కు మాత్రమే. దీని అర్థం 2024 ఆగస్టులో తెలిసొచ్చింది. కొత్త రూల్స్ వస్తున్న వేళ, ఆటగాళ్ల షీట్లలోని పాత స్పెల్స్, మాయా వస్తువులు కొత్త రూపంలోకి మారిపోతాయని, పాతవి కావాలంటే ఎవరికి వాళ్లు చేత్తో ఎక్కించుకోవాలని ప్రకటించారు. నడుస్తున్న కథ మధ్యలో విజార్డ్ మంత్రం రాత్రికి రాత్రి ఇంకో మంత్రమైపోవడం అన్నమాట. జనం ఊరుకోలేదు. కొన్ని రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గి, పాతవి కూడా ఉంచుతామంది. సర్దుకుంది. కానీ అల్మారాలో ఉన్న పుస్తకం విషయంలో ఇలా సర్దుకునే అవసరమే రాదు.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది, పుస్తకాల వాళ్లు దాన్ని చెప్పరు. 2023 జనవరిలో కంపెనీ ఆ పాత ఓపెన్ లైసెన్స్‌ను మార్చబోయినప్పుడు, ఆటగాళ్లు ఒకరినొకరు పిలుచుకుని బియాండ్ చందాలు రద్దు చేసుకున్నారు. పుస్తకం కొన్నవాడు నిరసనగా ఏం చేయగలడు? డబ్బులు ఎప్పుడో వెళ్లిపోయాయి. నెలనెలా కట్టేవాడు ఈ నెల ఆపేస్తే కంపెనీకి ఈ నెలే తెలుస్తుంది. ఆ నెల 27న కంపెనీ తన మౌలిక రూల్స్ పత్రాన్ని ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్స్ కింద వదిలేసింది. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. మనల్ని కట్టేసిన తాడుకే రెండో కొస వాళ్ల మెడకి ఉందని ఆ నెలలో తెలిసింది.

మనలాంటి వాళ్లకి అందులో ఒక లాభం ఉంది. అమెరికాలో 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చినప్పుడు ధర 49.95 డాలర్లు. అలాంటివి మూడు కొంటేనే సెట్టు. ఓడెక్కి ఇక్కడికి వచ్చేసరికి దాని ధర చూసి కాలేజీ కుర్రాడు ఫోన్ వైపు తిరగడంలో ఆశ్చర్యం లేదు. క్రియేటివ్ కామన్స్ పత్రం ఉచితం, ప్రింట్ తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నాలుగు వందల పేజీలు. జిరాక్స్ షాపులో రెండు వైపులా వేయించి, రెండు భాగాలుగా స్పైరల్ బైండింగ్ చేయించి, పైన ప్లాస్టిక్ అట్ట వేయించాం. షాపతను "ఏ ఎంట్రన్స్ టెస్టుకి బాబూ?" అని అడిగాడు. బొమ్మలు లేవు, కొన్ని పేరున్న రాక్షసులు లేరు, కానీ రూల్స్ ఉన్నాయి. అన్నీ ఒకే ఎడిషన్‌వి. కంప్యూటర్ నుంచి వచ్చిన ఈ పుస్తకాన్ని ఏ పక్షంలో వేయాలో నాకు తెలియదు.

ఇప్పుడు మా టేబుల్ దగ్గర పద్ధతి ఇదీ. కొత్తవాళ్లు మొదటి మూడు లెవెల్స్ పెన్సిల్‌తో కాగితం మీద రాయాలి, కూడికలతో సహా. తర్వాత యాప్‌లోకి ఎక్కించుకుంటే వాళ్లిష్టం. డీఎం ముందు లాప్‌టాప్, టేబుల్ మధ్యలో స్పైరల్ పుస్తకం. పోట్లాట మధ్యలో రూలు గురించి గొడవొస్తే వెతకడానికి ఒక్క నిమిషం, ఆ పుస్తకంలోనే. ఆలోపు దొరక్కపోతే డీఎం నోటికొచ్చిందే రూలు, చాయ్ టైములో సరిచూసుకోవడం. ఫోన్లో వెతికినవాళ్లు ఎడిషన్ పేరు ముందు చెప్పి తర్వాత చదవాలి. ఈ ఆఖరి నియమం గొబ్లిన్ గొడవ తర్వాత వచ్చింది.

ఆ గొబ్లిన్ ఏమైందంటే, పావుగంట తర్వాత డీఎంకి విసుగొచ్చి "ఆపండ్రా. ఇద్దరూ పాచికలు వేద్దాం, పెద్దది ఎవరిదైతే వాళ్లది" అన్నాడు. బోనస్‌లు లేవు, ఏమీ లేవు. ఫైటర్‌కి 4 పడింది, గొబ్లిన్‌కి 3. చాయ్ టైములో సరిచూస్తే మేం ఆడిన పద్ధతి ఏ ఎడిషన్‌లోనూ లేదు. గొబ్లిన్ దారి చెప్పింది, అదీ తప్పు దారి.